గరిటెకు లాట్ నంబరు

"ఇకమీదట హైదరాబాద్ సంస్థానంలో ఏ ఊరగాయ ముక్కా అనామకంగా బతకబోదు!"

సదాశివరావు గారు బోయిగూడ చౌరస్తాలో బల్ల మీద నిలబడి ఈ ప్రకటన చేసినప్పుడు చప్పట్లు మొదలుపెట్టింది నేనే. ఎవరో ఒకరు మొదలుపెట్టకపోతే మిగతావాళ్ళకు ఎక్కడ కొట్టాలో తెలియదు. పైగా ఆయన వెనక కట్టిన గుడ్డ మీద అక్షరాలు నేను రాసినవి. నా అక్షరాలకు నేను చప్పట్లు కొట్టుకోవడంలో తప్పేముంది?

నా పేరు బ్రహ్మచారి. చిలకలగూడలో బోర్డులు రాస్తాను. పోలీస్ యాక్షన్ అయి అప్పటికి నెల తిరిగింది. సికింద్రాబాద్‌లో తెల్లగుడ్డ దొరకడం లేదు; ఉన్నదంతా గాంధీ టోపీలకే సరిపోయింది. సర్కారు మారితే ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, నవ్వేవాళ్ళు నవ్వుతారు. బోర్డులు రాసేవాడికి మాత్రం రెంటికీ తీరికుండదు.

ఆగస్టులో సదాశివరావు గారి ఇంటి ముందు బోర్డు ఉర్దూలో ఉండేది. 'మొహతమీమ్, సరఫరా శాఖ' అని; అంటే ఆ శాఖ పర్యవేక్షకుడు. అదీ నేనే రాశాను. సెప్టెంబరు ఆఖర్లో ఆయన కబురు పెడితే వెళ్ళి, అదే బోర్డు గీకి, 'లాట్ల ప్రత్యేకాధికారి' అని రాశాను. చెక్క బర్మా టేకు. ఎన్నిసార్లు గీకినా పగలదు, వంగదు, కొత్త రంగు ఇట్టే పట్టేస్తుంది. సదాశివరావు గారిదీ అదే సుగుణం.

బల్ల మీద నిలబడి లాట్ అంటే ఏమిటో ఆయనే వివరించారు.

"ఒకసారి కలిపిన సరుకంతా ఒక లాట్. రేపు ఒక జాడీ చెడిపోయిందనుకోండి. అది ఏ లాట్‌దో తెలిస్తే, కాయ ఎవరు కోశారో తెలుస్తుంది. ఉప్పు ఎవరు కలిపారో తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఏ సర్కారు కాలంలో కలిపారో తెలుస్తుంది! అప్పుడు నేరం ఎవరిదో తేలిపోతుంది."

జనంలోంచి ఒక ముసలాయన చెయ్యెత్తాడు. "తేలినంక గా జాడీ బాగైతదా సార్?"

"అది వేరే శాఖ" అన్నారు సదాశివరావు గారు. నేను మళ్ళీ చప్పట్లు కొట్టాను.

ప్రయోగానికి మొదట ఎన్నికైన అదృష్టశాలి షహర్ బానో. బోయిగూడ సందులో ఆమెకు ఊరగాయల కార్ఖానా ఉంది. భర్త హుస్సేన్ పెట్టిందది. ఆయన జ్వరంతో పోయాక షహర్ బానో, ఆయన దగ్గర మొదటినుంచీ పనిచేసిన రోసమ్మ కలిసి నడుపుతున్నారు. ఎండాకాలంలో వాడలోని ఆడవాళ్ళంతా కత్తిపీటలు పట్టుకుని వచ్చి కాయ కొడతారు. రైల్వే స్టేషన్ దగ్గరి హోటళ్ళు, హాస్టళ్ళు, కంటోన్మెంట్ మెస్సులు ఆ ఊరగాయే కొంటాయి. యాక్షన్ తర్వాత ఆమె పేరు తలుచుకుని కొందరు రావడం మానేశారు. నిన్నటిదాకా వేళ్ళు నాకినవాళ్ళు ఇవాళ పేరు చూసి మొహం తిప్పుకోవడం నాకు కష్టంగానే అనిపించేది. ఆ పొడుగాటి రేకుల షెడ్డులో వరసలుగా పేర్చిన జాడీలే మళ్ళీ మామిడికాయ వచ్చేదాకా వాళ్ళందరి తిండి. అవి పోతే కార్ఖానాకు తాళమే.

సదాశివరావు గారు షెడ్డులోకి రాగానే ముక్కు మీద వేలేసుకున్నారు. జాడీల మూతులకు రకరకాల గుడ్డలు కట్టి ఉన్నాయి. ఒక వరసకు గళ్ళ లుంగీ, ఒక వరసకు పువ్వుల చీర, ఆఖరున గోడ పక్క వరసకు పచ్చ పరదా.

"ఏమిటిది?" అన్నారు.

"గివి గుర్తులు సాబ్" అంది షహర్ బానో. "ఒక్క కలుపుడుకు ఒక్క బట్ట. గళ్ళ లుంగీ మా ఆయినది. గా దాంట్ల ఉప్పు జెర ఎక్కువ పడ్డది. హోటలోళ్ళు గళ్ళది వాపస్ తెస్తే మేం పచ్చది ఇచ్చి పంపుతం. పచ్చ పరదా మస్తుగ కుదిరింది."

"పువ్వుల చీర నా పెండ్లిది సారూ" అంది రోసమ్మ. "చినిగింది గని, తొక్కు మాత్రం దానంత ఖరాబు గాలేదు."

"బట్టలను చూసి సరుకును గుర్తుపట్టడమా!" అన్నారు సదాశివరావు గారు, తన ఖద్దరు టోపీ సవరించుకుంటూ. "ఎంత అనాగరికం!"

ఆ సాయంత్రమే ఆర్డరు వచ్చింది. ఒకటి: జాడీలన్నిటికీ ఒకే రకం తెల్ల ఖద్దరు కట్టాలి. రెండు: ప్రతి జాడీ మీదా లాట్ నంబరు రాయించాలి. పోలీస్ యాక్షన్‌కు ముందు కలిపినదైతే నంబరు చివర 'పా', తర్వాత కలిపినదైతే 'కొ'. అంటే పాత లాట్, కొత్త లాట్. మూడు: లాట్ నంబరు లేని వస్తువేదీ కార్ఖానా గడప దాటి లోపలికి రాకూడదు. మూడోదాన్ని మూరెడు అక్షరాలతో రాసి గుమ్మం మీద వేలాడదీసే భాగ్యం నాకు దక్కింది.

"పాత లాట్ మీద మనకు అనుమానం ఉండాలి. కొత్త లాట్ మీద గౌరవం ఉండాలి" అని సదాశివరావు గారు నాకు విధానం బోధించారు. తర్వాత షహర్ బానో వైపు తిరిగారు. "కొత్త లాట్ జాడీలు ఎక్కడున్నాయి?"

"ఒక్కటి సుత లేదు సాబ్."

"ఎందుకు లేదు? మేం వచ్చి నెలయింది!"

"మామిడికాయలు ఎండకాలంల వస్తయి సాబ్. యాక్షన్ వానకాలం ఆఖర్ల అయింది."

సదాశివరావు గారు జేబులోంచి కాగితం తీశారు. "ఈ సమన్వయ లోపం గురించి పైకి రాస్తాను" అన్నారు.

నేను జాడీల మీద రాయడం మొదలుపెట్టాను. మొదట్లో నంబరు చిన్నదే. సంస్థానం పేరు, ఊరు పేరు, వాడ పేరు, కార్ఖానా పేరు, చివర 'పా'. కాని సదాశివరావు గారి బుర్ర ఊరికే ఉండేది కాదు. వారం వారం ఒక సర్క్యులర్. కాయ కొట్టినామె పేరు చేర్చాలి. ఆమె భర్త పేరు చేర్చాలి. ఆయన ఏం పని చేస్తాడో చేర్చాలి. కలిపిన రోజు ఎండ ఎలా ఉందో చేర్చాలి. పెద్ద జాడీలకు నంబరు నడుం చుట్టూ రెండు చుట్లు తిరిగింది. చిన్న జాడీల మీద చోటు చాలక సగంలో ఆపి, 'మిగతా పక్క జాడీ మీద చూడుడు' అని రాశాను. స్టేషన్ రోడ్డు హోటలాయన ఒక చిన్న జాడీ కొని, మిగతా సగం చదవాలని ఆశపడి ఇంకో జాడీ కొన్నాడు. లాట్ల విధానం వల్ల అమ్మకాలు పెరిగాయని సదాశివరావు గారు పత్రికలకు తెలియజేశారు.

ఈ సందట్లో షహర్ బానో, రోసమ్మ ఒక చిన్న పొరపాటు చేశారు. తెల్ల ఖద్దరు కట్టమన్నారు గాని, పాత గుడ్డలు విప్పమని ఆర్డరులో లేదు కదా అని, వాటి మీదే ఖద్దరు కట్టేశారు. పైకి అంతా తెలుపే. ఏ జాడీ ఏదో తెలియాలంటే అంచు కొంచెం ఎత్తి చూసుకునేవాళ్ళు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ రోజుల్లో ఖద్దరు కింద ఏముందో ఎత్తి చూడటం మర్యాద కాదు.

తర్వాత తనిఖీ రోజు వచ్చింది.

సదాశివరావు గారి వెనక చప్రాసీ అల్లాఉద్దీన్ ఒక చేత పొడుగాటి ఇత్తడి గరిటె, ఇంకో చేత ఇనప బకెట్ నిండా నీళ్ళు పట్టుకుని వచ్చాడు. బకెట్ ఎందుకా అని నేను అనుకునేలోపే ఆయన చెప్పారు.

"ఒక లాట్ ఇంకో లాట్‌తో కలవకూడదు. అది మూల సూత్రం. కనుక ఒక జాడీలో పెట్టిన గరిటెను నీళ్ళల్లో ముంచి కడిగాకే రెండో జాడీలో పెట్టాలి. సైన్స్!"

అల్లాఉద్దీన్ గరిటె నీళ్ళల్లో ముంచాడు. అది నీళ్ళు కారుతుండగానే మొదటి జాడీలో దిగింది.

"అయ్యయ్యో! తడి గరిటె! సారూ, తడి గరిటె పెట్టకుండ్రి!" అని రోసమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది.

"తడి కాదమ్మా, అది శుభ్రత" అన్నారు సదాశివరావు గారు.

"తొక్కుల తడి తగిల్తె బూజు పడ్తది సారూ! గిది చిన్న పోరికి సుత ఎరుకే!"

"చిన్న పిల్లలకు తెలిసిన విషయాల మీద ప్రభుత్వం నడవదు."

ఊరగాయ జాడీలో తడి చెయ్యి పెట్టకూడదని మన ఇళ్ళల్లో వేరే చెప్పాలా? అయితే సదాశివరావు గారి ఇంట్లో ఆయన భార్య అనసూయమ్మ గారు భర్తను ఊరగాయ జాడీ ఛాయలకు రానిచ్చేవారు కాదట. పళ్ళెంలోకి వచ్చాకే ఆయనకు దాని దర్శనం. పెద్ద ఆఫీసర్ల చదువులో ఇలాంటి ఖాళీలు సహజం. ఆ ఖాళీలుంటేనే గాలి ఆడుతుంది.

గరిటె ముంచడం, జాడీలో తిప్పడం, వాసన చూడటం, మళ్ళీ ముంచడం. తనిఖీ అయిన ప్రతి జాడీ మీదా నేను ఎర్రటి గుండ్రటి గుర్తు వేస్తూ వెనకే నడిచాను. షహర్ బానో గోడకు ఆనుకుని నిలబడి, గరిటె దిగినప్పుడల్లా కళ్ళు మూసుకుంది. గోడ పక్క వరస దాకా వచ్చేసరికి సదాశివరావు గారు గడియారం చూసుకున్నారు. భోజనం వేళకు ఆయన ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యరు. ఆ క్రమశిక్షణ వల్లే పచ్చ పరదా వరస బతికింది.

మూడు వారాలు తిరక్కుండానే జాడీల్లో తెల్లటి బూజు పట్టింది. మెత్తగా, దట్టంగా, మూతికి కట్టిన ఖద్దరుతో పోటీ పడుతూ పట్టింది.

మర్నాడు పత్రికల్లో సదాశివరావు గారి ప్రకటన. "పాత సర్కారు కాలపు ఊరగాయ అసలు రంగు బయటపడింది. దోషులను వదలం." బూజు పట్టిన జాడీలన్నీ పారబోయించారు. మూసీ దాకా మోయించడం దూరమని షెడ్డు వెనకే గొయ్యి తీయించారు. రోసమ్మ ఆ గొయ్యి వైపు చూడలేక ముంగిట్లో కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏమైనా దోషులను పట్టుకోవాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

విచారణ జోరుగా సాగింది. మామిడికాయ ఎక్కడిది? మేడ్చల్ వైపు ఒక తోటది. చెట్టుకు నోటీసు కొట్టి వచ్చారు; వారం లోపల సంజాయిషీ ఇవ్వకపోతే నరికేస్తామని. ఉప్పు ఎక్కడిది? సముద్రానిది. సముద్రం మద్రాసు రాష్ట్రంలో ఉంది కాబట్టి ఆ సర్కారుకు ఉత్తరం రాశారు. నూనె ఎక్కడిది? చిలకలగూడ గానుగది. గానుగ ఎద్దును ఆఫీసుకు పిలిపించి వాంగ్మూలం తీసుకున్నారు. ఎద్దు గుండ్రంగా తిరిగింది తప్ప సూటిగా సమాధానం చెప్పలేదని రికార్డులో రాశారు. సాక్షులందరిలోకెల్లా నాకు అదే ఆఫీసు పద్ధతికి దగ్గరగా అనిపించింది.

"సారూ, గింత దూరం ఎందుకు పోవుడు?" అంది రోసమ్మ, తన వంతు వచ్చినప్పుడు. "గరిటె పెట్టినయన్ని పాడైనయ్. పెట్టనియి మంచిగున్నయ్. గరిటెను అడుగుండ్రి."

సదాశివరావు గారు జాలిగా నవ్వారు. "గరిటెకు లాట్ నంబరు లేదమ్మా. లాట్ నంబరు లేనిదాన్ని విచారించే అధికారం నాకు లేదు."

ఆ మాట విని షహర్ బానో తల పైకెత్తింది. గుమ్మం మీద నేను రాసిన బోర్డు వైపు ఒకసారి చూసింది.

బయటికొచ్చాక నన్ను ఆపింది. "చారి అన్నా, గా పచ్చ పరదా వరుస ఒక్కటే మిగిలింది. గది పోతే దుకాణ్ బంద్. గీ ఆడోళ్ళకు నేనేం జెప్పాలె?"

"భయపడకు ఆపా. సదాశివరావు గారు ఉన్నారు కదా."

"ఉన్నడు అన్నా. గదే పరేషాన్."

ఇంతలో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందని వార్త వచ్చింది. హైదరాబాద్‌లో కొత్త పాలన ఎలా సాగుతోందో చూసి రిపోర్టు రాయడానికట. కమిటీ అధ్యక్షుడు తెల్లటి ఖద్దరులో జీపు దిగారు. ఆయనకు హిందీ తప్ప రాదు. మేం చెప్పేది ఆయనకు, ఆయన చెప్పేది మాకు సదాశివరావు గారే తర్జుమా చేశారు. పాలకు పిల్లిని కాపలా పెట్టినట్టు కుదిరింది.

అధ్యక్షుడు ఖాళీ షెడ్డు చూశారు. "సరుకంతా ఏమైంది?"

"పాత లాట్ సార్. బూజు పట్టింది. నిర్మూలించాం."

"అంతా పట్టిందా?"

ఇక్కడ సదాశివరావు గారి ప్రతిభ చూడాలి. మామూలు మనిషైతే నీళ్ళు నమిలేవాడు.

"లేదు సార్. మేం ఎర్ర గుర్తు పెట్టిన జాడీలకే పట్టింది. గుర్తు పెట్టనివాటిలో ఒక్కదానికీ పట్టలేదు. అంటే ఏది చెడిపోతుందో మూడు వారాల ముందే, ఒక్క తప్పు లేకుండా, మేం కనిపెట్టాం! ఇంత కచ్చితమైన తనిఖీ దేశంలో ఇంకెక్కడైనా జరిగిందా?"

అధ్యక్షుడి కళ్ళు మెరిశాయి. "అద్భుతం! అయితే ఆ గోడ పక్క వరస?"

"అది ఇంకా తనిఖీ కాలేదు సార్."

"అయితే నా ముందే చెయ్యండి. అది చెడుతుందో చెడదో నేనూ తెలుసుకుంటాను."

అల్లాఉద్దీన్ బయటినుంచి గరిటె, బకెట్ పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. గరిటె ముంచాడు. నీళ్ళు బొట్లుబొట్లుగా గడప మీద పడుతున్నాయి. రోసమ్మ పోయి ఆఖరి వరస ముందు చేతులు చాచి నిలబడింది. "నన్ను దాటి పోండ్రి ఎట్ల పోతరో చూస్త" అంది. ఆ మాట తర్జుమా కాలేదు.

అప్పుడు షహర్ బానో ముందుకొచ్చింది. తర్జుమా అవసరం లేకుండా నేరుగా ఉర్దూలో అధ్యక్షుడితోనే మాట్లాడింది. ఉర్దూ ఆయనకు బాగానే అర్థమైంది. నేను దాన్ని తెలుగులో రాస్తున్నాను.

"హుజూర్, లాట్ నంబరు లేని ఏ వస్తువూ ఈ గడప దాటకూడదని సాబ్ గారి హుకుం. పైన బోర్డు ఉంది. ఈ గరిటెకు నంబరు లేదు."

అధ్యక్షుడు తల ఎత్తి బోర్డు చూశారు. "అలాంటి రూలు ఉందా?"

"ఉంది సార్" అన్నారు సదాశివరావు గారు. రూలు తనది, కాదనలేరు. పైగా దాని గురించి రెండు పత్రికలు సంపాదకీయాలు రాశాయి.

"అయితే గరిటెకు నంబరు వేయించండి. వ్యవస్థ అంటే వ్యవస్థే."

నన్ను పిలిచారు. నేను రంగు డబ్బా తెరిచి, గరిటె పిడి తుడిచి, కుంచె పట్టుకుని కూర్చున్నాను. సంస్థానం పేరు రాశాను. ఊరు పేరు రాశాను. చివరికొచ్చి ఆగాను. "పా నా, కొ నా సార్?"

"కొ" అన్నారు సదాశివరావు గారు వెంటనే.

"గట్లెట్ల సాబ్?" అన్నాడు అల్లాఉద్దీన్, అతనూ ఉర్దూలోనే. పాపం, అబద్ధం అలవాటు లేని మనిషి. "గిది మన పాత దఫ్తర్ గరిటె గదా. పిడి మీద ముద్ర సుత ఉన్నది, చూడుండ్రి."

నేను బొటనవేలితో మసి రుద్దాను. పాత సర్కారు ముద్ర తళతళా బయటపడింది. బూజు కంటే స్పష్టంగా ఉంది.



"ఓహో! పాత లాట్ గరిటె!" అన్నారు అధ్యక్షుడు. "అయితే బూజు పట్టిన ప్రతి జాడీలోనూ దిగింది ఇదే. ఇది మామూలు విషయం కాదు, కుట్ర. దీన్ని వెంటనే అదుపులోకి తీసుకోండి!"

ఇద్దరు జవాన్లు వచ్చి గరిటెను అదుపులోకి తీసుకున్నారు. అది ఎదిరించలేదు.

అధ్యక్షుడికి విచారణ రుచి తగిలింది. "ఈ గరిటె ఎవరి చేతిలో ఉండేది?"

"నా చేతిల్నే హుజూర్" అన్నాడు అల్లాఉద్దీన్.

"నువ్వు ఏ లాట్?"

అల్లాఉద్దీన్ తన కోటు బొత్తాలు చూసుకున్నాడు. వాటి మీదా అదే ముద్ర. "పాతదే హుజూర్. ఏం జేస్త? కొత్త కోటు ఇంక రాలేదు."

"నీకు హుకుం ఇచ్చిందెవరు?"

"గప్పుడూ సాబే హుజూర్. గిప్పుడూ సాబే."

అందరూ సదాశివరావు గారి వైపు చూశారు. సదాశివరావు గారు అధ్యక్షుడి వైపు చూశారు. అధ్యక్షుడు నా చేతిలో తడి కుంచె వైపు చూశారు. నేను ఎంతైనా పనివాణ్ణి, హుకుం కోసం ఎదురుచూశాను. రంగు చుక్క ఒకటి కుంచె కొసన వేలాడుతూ, పడాలా వద్దా అని తటపటాయించింది.

అధ్యక్షుడు ఎందుకో తన ఖద్దరు చొక్కా కాలర్ సర్దుకున్నారు. "భోజనానికి వేళయినట్టుంది" అన్నారు.

"అయింది సార్" అన్నారు సదాశివరావు గారు.

ఆ రోజు భోజనంలోకి పచ్చ పరదా జాడీ ఒకటి విప్పారు. పొడి గరిటెతో రోసమ్మే వడ్డించింది. అధ్యక్షుడు మూడుసార్లు అడిగి వేయించుకున్నారు. కమిటీ వెళ్ళిపోయింది. పచ్చ పరదా వరస కూడా, ఆ కబురు పాకి, స్టేషన్ హోటళ్ళకు ముక్క మిగలకుండా అమ్ముడుపోయింది. పేరు చూసి మొహం తిప్పుకున్నవాళ్ళు కొందరు వెనక్కి వచ్చారు. షహర్ బానో వాళ్ళను ఏమీ అడగలేదు. నేనైతే అడిగేవాణ్ణి.

మర్నాటి పత్రికల్లో పెద్ద అక్షరాలు: 'గరిటె కుట్ర ఛేదన. సదాశివరావు గారికి పదోన్నతి.' ఆయన ఇప్పుడు సంస్థానం మొత్తానికి లాట్ల కమిషనర్. బర్మా టేకు బోర్డు మళ్ళీ గీకాను. ఈసారీ తట్టుకుంది.

కొత్త గరిటె కోసం టెండర్లు పిలిచారు. టెండర్లు, కొటేషన్లు, అప్పీళ్ళు, అన్నీ ముగిసి గరిటె వచ్చేసరికి ఎండాకాలం వచ్చింది. మామిడికాయ దిగింది. వాడలో ఆడవాళ్ళంతా కత్తిపీటలు తెచ్చుకున్నారు. షెడ్డు మళ్ళీ జాడీలతో నిండింది. సంస్థానంలో మొట్టమొదటి కొత్త లాట్ మామిడికాయ ఊరగాయ! జాడీల మీద 'కొ' రాస్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది.

సదాశివరావు గారు బ్యాండు మేళంతో వచ్చారు. గరిటెకు పూలదండ వేశారు. దాని పిడి మీద నేను ముందే 'కొ' రాసి ఉంచాను.

"పాత లాట్‌ను అనుమానంతో తనిఖీ చేశాం" అని ఆయన ఉపన్యసించారు. "కొత్త లాట్‌ను గౌరవంతో తనిఖీ చేస్తాం. అల్లాఉద్దీన్, బకెట్!"

గరిటె కొత్తది. బకెట్ మాత్రం పాతదే.

షహర్ బానో మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయిందేమోనని నేను చూశాను. ఆమె నిబ్బరంగా ఉంది. పొద్దున బకెట్ నింపే పని అల్లాఉద్దీన్ చేతిలోంచి రోసమ్మ లాక్కుంది. "కమిషనర్ సార్ వస్తున్నడు, గీ పుణ్యం నాకు గావాలె" అంది. అల్లాఉద్దీన్ బకెట్‌లోకి తొంగిచూసి, అలాగే పట్టుకొచ్చాడు. షెడ్డు మూల నిన్నటిదాకా నిండుగా ఉన్న నువ్వుల నూనె డబ్బా ఈ పొద్దున బోర్లించి ఉంది. నేను ఎందుకని అడగలేదు. అడగడం నా శాఖ కాదు.

గరిటె బకెట్‌లో మునిగి లేచింది. నిగనిగలాడింది.

"చూశారా!" అన్నారు సదాశివరావు గారు పత్రికలవాళ్ళతో. "కొత్త గరిటె మీద నీళ్ళు కూడా ఎలా మెరుస్తున్నాయో!"

పత్రికలవాళ్ళు రాసుకున్నారు. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటే, అవి ఆనందబాష్పాలని కూడా వాళ్ళు రాసుకున్నారు. ఆయన ఒక్క జాడీ వదలకుండా తిప్పారు. గోడ పక్క వరస కూడా వదల్లేదు. ఈసారి భోజనం ఆలస్యం చేసుకున్నారు.

ఆ ఏడాది ఒక్క జాడీకి బూజు రాలేదు. కొత్త పాలనలో పుట్టిన ఊరగాయకు బూజు పట్టదని తాను శాస్త్రీయంగా రుజువు చేసినట్టు సదాశివరావు గారు ఢిల్లీకి నివేదిక పంపారు. ఢిల్లీ ఆయన్ను అభినందించింది. బోర్డు నా దగ్గరికి మళ్ళీ వచ్చింది.

మొన్న ఏదో పని మీద లాట్ల ఆఫీసుకు వెళ్ళాను. వరండాలో కుర్చీలు అవే. ఆ కుర్చీల్లో మనుషులూ వాళ్ళే, టోపీలు మాత్రం మారాయి. గోడకు ఒక మేకు, మేకుకు గొలుసు, గొలుసుకు ఆ పాత ఇత్తడి గరిటె వేలాడుతోంది. పిడి మీద నా చేతి రాతే, కేసు తేలాక రాయించిన 'పా'.

పోలీస్ యాక్షన్ తర్వాత మా వైపు శిక్ష పడిన సర్కారు నౌకరు, నాకు తెలిసినంతలో, అదొక్కటే.